అచ్చం పాత ఇల్లులాగే గీయించాం, అయినా హిస్టారిక్ కమిషన్ ఎందుకు వద్దంది?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. న్యూజెర్సీలో 1918 నాటి ఇల్లు, మీ టౌన్ ప్రకటించిన హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఉంది, అంటే పాత రూపం కాపాడాలనుకున్న పేట, అక్కడ ఇంటి బయట మార్పులకి హిస్టారిక్ కమిషన్ అనుమతి కావాలి. నలుచదరంగా రెండంతస్తులు, నాలుగు వైపులా వాలిన కప్పు, ముందు వెడల్పంతా పోర్చ్. ఇక్కడ ఫోర్‌స్క్వేర్ అంటారు కదా, అదే. 28 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు, తూర్పు ముఖం. అమ్మానాన్నలకు కింద బెడ్‌రూమ్, బాత్‌రూమ్ కావాలి, వంటిల్లు పెద్దది కావాలి, పనిలో పనిగా పైన మీకో మాస్టర్ సూట్. కాంట్రాక్టర్ వెనక వైపు 28 వెడల్పు, 24 లోతుతో రెండంతస్తుల భాగం గీసిచ్చాడు. కప్పు, కిటికీలు, సైడింగ్ (బయటి గోడల మీది పలకలు), ఆఖరికి పైన డార్మర్ (కప్పులోంచి పొడుచుకొచ్చే కిటికీ) కూడా పాతదాన్ని అచ్చు గుద్దినట్టు. కమిషన్ మాత్రం పాత ఇంటికి తగినట్టు లేదని తిప్పి పంపింది. ఇంతకన్నా తగినట్టు ఎలా గీస్తారు అని మీ కోపం.

కోపం న్యాయమే, కానీ వాళ్ళు చెప్పింది కూడా సబబే. మీ డ్రాయింగ్‌లో తేడా కిటికీల్లోనూ సైడింగ్‌లోనూ లేదు, సైజులో ఉంది. పాత ఇల్లు రెండంతస్తులూ కలిపి 1,680 చదరపు అడుగులు, మీరు కలుపుతానన్నది 1,344. అంటే ఇంటి వెనక దాదాపు ఇంకో ఇల్లు. అదీ గోడకు గోడ, కప్పుకు కప్పు ఒకే వరసలో సాగదీసి కలిపితే రోడ్డు మీద నిలబడి పక్క నుంచి చూసేవాడికి ఫోర్‌స్క్వేర్ అనేదే కనపడదు, 54 అడుగుల పొడుగు షెడ్డు కనపడుతుంది. ఆ షెడ్డుకి ఎంత ముచ్చటైన కిటికీలు పెట్టినా షెడ్డే. కాబట్టి ముందు ఎక్కడ, ఎంత అన్నది తేల్చుకోండి, ఎలా ఉండాలి అన్నది తర్వాత. నేను చూసినంతలో తిరిగొచ్చే అప్లికేషన్లలో ఎక్కువ భాగం ఈ వరస తిరగేసినవే.

"నా ఇల్లు, నా డబ్బు, వీళ్ళెవరు" అని కూడా అడిగారు. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. 1966 చట్టం కింద నడిచే నేషనల్ రిజిస్టర్‌లో, అంటే దేశవ్యాప్త చారిత్రక కట్టడాల జాబితాలో, ఇల్లు ఉన్నంత మాత్రాన, ఫెడరల్ డబ్బు గానీ అనుమతి గానీ అవసరం లేని పని సొంత డబ్బుతో చేసుకుంటే ఎవరూ అడ్డం రారు. పట్టు ఉండేది ఊరి ఆర్డినెన్స్‌కి, అంటే ఊరు సొంతంగా చేసుకున్న చట్టానికి. 1931లో సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్ నగరం మొదలుపెట్టిన పద్ధతి అది, తర్వాత దేశమంతా పాకింది. ఇలాంటి చట్టాలు చెల్లుతాయా అన్న ప్రశ్న సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది, న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద ఆఫీసు టవర్ కట్టుకుంటామన్న పెన్ సెంట్రల్ కంపెనీ 1978లో ఓడిపోయింది. కాబట్టి ఆ దారి వదిలేయండి, లాయరుకి పెట్టే డబ్బు మంచి ఆర్కిటెక్టుకి పెట్టండి. ఇంకోటి, 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుందని మీకెవరో చెప్పారట. అది అద్దెకో వ్యాపారానికో వాడే భవనాలకి, మీరు కాపురం ఉండే ఇంటికి రాదు.

కమిషన్లు చాలావరకు వాడే కొలబద్ద నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ పది సూత్రాల జాబితా. మీకు పనికొచ్చేవి చివరి రెండూ. తొమ్మిదోది ఏమంటుందంటే, కొత్త పని పాతదాన్ని పాడుచేయకూడదు, చూస్తే కొత్తదని తెలియాలి, అయినా పరిమాణంలో, కొలతల్లో, తీరులో పాతదానితో పొసగాలి. పదోది, రేపెప్పుడైనా కొత్త భాగాన్ని తీసేస్తే పాత ఇల్లు పాత ఇల్లుగానే మిగలాలి. మీ డ్రాయింగ్ రెండిటిలోనూ తప్పింది. అచ్చు గుద్దారు కాబట్టి ఏది పాతో ఏది కొత్తో తెలియదు. వెనక గోడ మొత్తం కూల్చి కలిపారు కాబట్టి రేపు తీసేయడానికి వెనక్కి వెళ్ళే దారి లేదు.

"కొత్తదని తెలియాలి" అన్న మాట పట్టుకుని కొంతమంది ఆర్కిటెక్టులు పాత ఇంటి వెనక గాజు పెట్టె తగిలించి ఇదే సూత్రం అంటారు. నాకు నచ్చదు. సూత్రంలో తేడా, పొత్తు రెండూ ఉన్నాయి, వీళ్ళు మొదటి సగమే చదువుతారు. పాత కట్టడాల సంరక్షణ మీద నిపుణులు రాసుకున్న 1964 వెనిస్ చార్టర్ దగ్గర నుంచీ ఈ గొడవ నడుస్తూనే ఉంది, ఇంకో తరం కూడా నడుస్తుంది. నా లెక్క ఏమిటంటే, రోడ్డు మీద వెళ్ళేవాడికి కొత్త భాగం కంటికి తగలకూడదు, ఆగి చూసేవాడికి మాత్రం ఇది తర్వాత కట్టింది అని అర్థం కావాలి. అంత తేడా చాలు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీరు పెట్టిన ప్లాను, ఫోటోలు చూస్తే వాయవ్యం మూల పాత వంటిల్లు, దాని పక్కన నైరుతిలో డైనింగ్, డ్రైవ్‌వే దక్షిణం వైపు. అందరూ చేసేదే మీ కాంట్రాక్టరూ చేశాడు, పెద్దవాళ్ళ గది తీసుకెళ్ళి కొత్త భాగంలో పెట్టాడు. నేనైతే తిరగేస్తాను. వంటిల్లు కొత్త భాగంలోకి వెళ్ళాలి, అమ్మానాన్నలు పాత ఇంట్లో ఉండాలి.

అంటే డైనింగ్ రూమే వాళ్ళ బెడ్‌రూమ్. ఎందుకంటే అది ఇప్పటికే మంచి గది, రెండు వైపులా కిటికీలు, పక్కనే హాలు. పెద్దవాళ్ళు ఇంటి చివర్లో విడిగా పడి ఉండరు, మనవల సందడి వినపడుతూ ఉంటుంది, వద్దనుకుంటే తలుపు వేసుకుంటారు. ఈ కాలపు ఇళ్ళలో హాలుకీ డైనింగుకీ మధ్య గోడలోకి జరిగే పాకెట్ తలుపులు చాలాసార్లు ఉంటాయి, ఎవరో ఎప్పుడో ప్లాస్టర్‌బోర్డు కొట్టి మూసేసి ఉంటారు, ఒకసారి తట్టి చూడండి. పాత వంటింట్లో నీళ్ళ పైపులు, డ్రైనేజీ ఉన్నాయి కాబట్టి అందులో నాలుగడుగుల నడవ వదిలి మిగతాది బాత్‌రూమ్ చేయొచ్చు, గడప లేని షవర్, 36 అంగుళాల తలుపుతో సహా. సాధారణంగా కమిషన్లు ఇంటి లోపలి మార్పుల జోలికి రావు. అంటే మీ అసలు అవసరం, పెద్దవాళ్ళ గది, వాళ్ళ అనుమతితో పనిలేకుండానే చాలావరకు తీరిపోతుంది. ఇక అడగాల్సింది ఒక వంటిల్లు, ఒక డైనింగ్, ఒకే అంతస్తు.

ఆ కొత్త భాగాన్ని పాత ఇంటికి నేరుగా అతికించకండి. మధ్యలో ఒక సన్నటి, పొట్టి వంతెన లాంటి ముక్క పెట్టండి, ఎనిమిది అడుగుల లోతు, పదో పన్నెండో అడుగుల వెడల్పు, చదునైన కప్పు. ఇక్కడ దీన్ని హైఫన్ అంటారు. అమెరికా దక్షిణాది పాత ఇళ్ళలో నిప్పు భయానికి వంటిల్లు విడిగా కట్టి, తర్వాత తర్వాత ఇలాంటి ముక్కతో కలిపేవాళ్ళు. గోదావరి వైపు పాత ఇళ్ళలో వెనక విడిగా వంటిల్లు, మధ్యలో తడవకుండా ఒక వసారా చూసినవాళ్ళకి ఇది కొత్తగా ఏం అనిపించదు. దాని వెనక 20 బై 20 గది, పాత ఇంటి ఉత్తరపు గోడ కన్నా ఒకటిన్నర అడుగు లోపలికి. అంతా కలిపి 500 చదరపు అడుగుల చుట్టుపక్కల, ముందు అడిగిన 1,344 ఎక్కడ, ఇదెక్కడ.

హైఫన్ వల్ల లాభాలు చూడటానికే కాదు. పాత ఇంటి వెనక మూలలు రెండూ బయటికి కనపడుతూనే ఉంటాయి, అక్కడే పాత ఇల్లు అయిపోయిందని కంటికి తెలుస్తుంది. పాత వెనక తలుపు, దాని పక్క కిటికీ ఉన్నచోటే దారి తీస్తే వెనక గోడ దాదాపు చెక్కుచెదరదు, పదో సూత్రం దానంతట అదే నెగ్గుతుంది. ఇక పునాది. మీ ఇంటి పునాది నూరేళ్ళ నాటిది, దాని పక్కన అంతకన్నా లోతుగా తవ్వితే పాత గోడ కిందికి దిగుతుంది. న్యూజెర్సీలో చలికి నేల గడ్డకట్టే లోతు దాటాలంటే దాదాపు మూడడుగులు తవ్వాలి, అది పాత గోడకు దూరంగా జరిగితే ఎవరికైనా మంచిదే. హైఫన్ తేలిక కట్టడం కాబట్టి పాత గోడ దగ్గర రెండు మూడు పియర్ల (పొట్టి పునాది స్తంభాల) మీద నిలబడుతుంది. పాత ఇల్లు కుంగాల్సినంత కుంగి ఆగిపోయింది, కొత్తది మొదటి రెండేళ్ళు కదులుతుంది. ఆ కదలిక హైఫన్ కీలు దగ్గర పడాలి గానీ మీ ప్లాస్టర్ మీద కాదు.

ఒక జాగ్రత్త. పాత కప్పు మీది మంచు, నీళ్ళు ఈ చదును కప్పు మీద పడతాయి. కప్పు మీద నీళ్ళు దిగకుండా పరిచే మెంబ్రేన్‌ని గోడ మీదకి, సైడింగ్ వెనక్కి, మంచి ఎత్తు దాకా లేపాలి, పై అంతస్తు కిటికీ గడప దానికి బాగా పైన ఉండాలి. ఇది డ్రాయింగ్‌లో విడిగా, పెద్ద సైజులో గీయించండి. "సైట్‌లో చూసుకుంటాం" అన్నవాడికి పని ఇవ్వకండి.

పెద్దవాళ్ళకి మెట్లు లేని దారి కూడా ఇక్కడే దొరుకుతుంది. మీ గ్రౌండ్ ఫ్లోర్ నేల కన్నా 30 అంగుళాలు ఎత్తు అన్నారు. ఒకటికి పన్నెండు వాలుతో ర్యాంప్ అంటే 30 అడుగులు, కిందా పైనా ల్యాండింగులు, రెండు పక్కలా రెయిలింగులు. ముందు పోర్చ్‌కి అది తగిలిస్తే కమిషన్ ఒప్పుకోవడం కష్టం, ఒప్పుకున్నా చూడటానికి ఆసుపత్రిలా ఉంటుంది. అదే డ్రైవ్‌వే పక్కనుంచి వెనక్కి మట్టి పోసి ఒకటికి ఇరవై వాలుతో నడకదారి లేపుకుంటూ వచ్చి హైఫన్ దక్షిణం తలుపు దగ్గర కలిపితే, అది ర్యాంపులా కాదు, పెరట్లో బాటలా ఉంటుంది. 50 అడుగులు కావాలి, డ్రైవ్‌వే మొదలు నుంచి లెక్కేస్తే మీకు ఉంది. దక్షిణం ఎండకి ఐసు కూడా తొందరగా కరుగుతుంది. మట్టి మాత్రం పాత ఇంటి సైడింగ్‌కి తగలనివ్వద్దు, చెక్క పుచ్చిపోతుంది.

వాస్తు గురించి కూడా అడిగారు, నైరుతి పెరుగుతుందేమోనని. కమిషన్‌కి వాస్తుతో పనిలేదు, మీటింగులో ఆ మాట ఎత్తకండి. కానీ ఈ ప్లానులో కొత్త గది ఉత్తరం వైపు జరిగి ఉంది కాబట్టి నైరుతి మూల ఉన్నచోటే ఉంటుంది, పెద్దవాళ్ళ గది నైరుతిలో పడుతుంది, ఆగ్నేయం కుదరని చోట వంటిల్లు వాయవ్యంలో పెట్టుకోవచ్చనే చాలామంది అంటారు. మీ సిద్ధాంతిగారు ఇంకేమైనా అంటే అది నా పరిధి కాదు.

ఇప్పుడు పైపై రూపం. కప్పు పాతదాని వాలుకి దగ్గరగా ఉండాలి, ఎత్తు మాత్రం పాత ఇంటి రెండో అంతస్తు కిటికీల గడప దాటకూడదు. పాత చూరు రెండడుగులు బయటికి వచ్చి, కింద రాఫ్టర్ల (కప్పు వాసాల) చివర్లు కనపడుతూ ఉంటే, కొత్తది ఒక అడుగు, సాదాగా. పోర్చ్ స్తంభాలు, డార్మర్ వెనక మళ్ళీ పెట్టకండి, అవి ఇంటి ముఖానికి చెందినవి. సైడింగ్ పలక పాతది ఎంత వెడల్పు కనపడుతుందో కొలిచి కొత్తదీ అంతే పెట్టండి. చెక్క ఖరీదనుకుంటే ఫైబర్ సిమెంట్‌ని కొత్త భాగాల మీద చాలా కమిషన్లు ఒప్పుకుంటాయి, కానీ నున్నటిది తీసుకోండి. చెక్క గీతలు అచ్చొత్తినది వద్దు. రంగు వేసిన పాత పలకలు నున్నగానే ఉంటాయి, ఆ నకిలీ గీతలు రోడ్డు మీంచే తెలిసిపోతాయి. హైఫన్‌కి మాత్రం నిలువు పలకలో, గాజు ఎక్కువో పెట్టి వేరుగా చూపించొచ్చు.

కిటికీల మీద కమిషన్ సభ్యులు ఎక్కువసేపు మాట్లాడతారు. పాత కిటికీ ఎత్తు వెడల్పుల నిష్పత్తి చూడండి, మీ ఫోటోల్లో ఎత్తు వెడల్పుకి దాదాపు రెండింతలు ఉంది. పక్కల నుంచి కనపడే కొత్త కిటికీలు ఆ నిష్పత్తిలోనే ఉండాలి, పై అంచులన్నీ ఒకే ఎత్తులో. వంటింట్లో వెలుతురు కావాలంటే ఒక్క వెడల్పాటి కిటికీ బదులు అలాంటివి మూడు పక్కపక్కన పెట్టండి. వినైల్ (ప్లాస్టిక్) కిటికీలు వద్దు. గాజు పొరల మధ్య ఇరికించిన ఉత్తుత్తి అడ్డపట్టీలూ వద్దు, వాటికి నీడ పడదు. పెరటి వైపు, అంటే పడమటి ముఖం, ఎవరికీ కనపడదు. చాలా ఆర్డినెన్సులు రోడ్డు నుంచి కనపడే భాగాల మీదే గట్టిగా ఉంటాయి, మీ ఊరిది ఆ మాట ఎలా రాసిందో చదవండి. అలా ఉంటే అక్కడ పెద్ద గాజు తలుపులు పెట్టుకోండి, ముచ్చట తీరుతుంది.

మన వంటకి ప్రత్యేకంగా ఒక మాట. పోపు, వేపుళ్ళ కోసం పెద్ద చిమ్నీ హుడ్ కొంటారు కదా, నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటితే బిల్డింగ్ కోడ్ ప్రకారం బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా పెట్టమని ఇన్‌స్పెక్టర్ అడగొచ్చు. ఇది ఉత్త పేపరు నిబంధన కాదు. బేస్‌మెంట్‌లో పాత బాయిలరో, చిమ్నీలోకి పొగ వదిలే వాటర్ హీటరో ఉంటే, హుడ్ గాలి లాగేకొద్దీ ఆ పొగ ఇంట్లోకి తిరగబడుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వంటిల్లు కొత్త భాగంలో ఉంటే డక్టు నేరుగా పెరటి గోడలోంచి పోతుంది, పాత గోడకి కన్నం పెట్టక్కర్లేదు. పైగా మీ కాలపు ఇళ్ళు చాలావరకు బెలూన్ ఫ్రేమ్, అంటే గోడలోని ఖాళీ బేస్‌మెంట్ నుంచి అటక దాకా అడ్డు లేకుండా ఉంటుంది, నిప్పు అంటుకుంటే పొగగొట్టంలా పనిచేస్తుంది. గోడ తెరిచిన చోటల్లా ఫైర్ బ్లాకింగ్, అంటే ఆ ఖాళీలో నిప్పు పాకకుండా అడ్డం, పెట్టించండి. 1978కి ముందు ఇల్లు కాబట్టి రంగులో సీసం ఉందనే అనుకోవాలి, ఆ పనికి సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరే పాత రంగు ముట్టుకోవాలి. ఇంట్లో పసిపిల్లలున్నారు, దీంట్లో మొహమాటపడకండి.

మాస్టర్ సూట్ నేను ఎత్తలేదని గమనించే ఉంటారు. ప్రస్తుతానికి వదిలేయండి. పై నాలుగు మూలల గదుల్లో రెండు కలుపుకోవచ్చు, లేదా ఎత్తు చాలితే అటక వాడుకోవచ్చు, రెండూ లోపలి పనులే. ఎలాగైనా పైన కట్టాల్సిందే అంటే, పాత ఇంటి కన్నా బాగా ఇరుకుగా, కప్పు కొస కిందికి ఉండేలా రెండో విడతలో అడగండి. న్యూఆర్లీన్స్‌లో క్యామెల్‌బ్యాక్ అనే పాత ఇళ్ళుంటాయి, ముందు ఒకే అంతస్తు, వెనక మాత్రం రెండు. బరువంతా వెనక్కి నెట్టడం అనేది కమిషన్లు పుట్టకముందే ఉన్న తెలివి.

మళ్ళీ వెళ్ళేముందు శాన్‌బోర్న్ ఇన్సూరెన్స్ మ్యాపులు చూడండి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో చాలా ఊళ్ళవి ఉచితంగా ఉన్నాయి. అగ్నిప్రమాద బీమా కోసం గీసినవి, ప్రతి ఇంటి ఆకారం ఉంటుంది, చెక్క ఇళ్ళు పసుపు రంగులో, ఇటుకవి గులాబీ రంగులో. మీ ఇంటి వెనక ఒకప్పుడు చిన్న వసారానో, ఒంటి అంతస్తు గదో ఉండి తర్వాత కూల్చారని అందులో కనపడిందా, సగం పని అయినట్టే. కొత్తగా అడుగుతున్నట్టు కాదు, ఉన్నచోటే తిరిగి కడుతున్నట్టు.

జోనింగ్ నిబంధనల్లో సెట్‌బ్యాక్ (సరిహద్దు నుంచి వదలాల్సిన దూరం), లాట్ కవరేజ్ (స్థలంలో ఎంత భాగం కట్టొచ్చన్నది) ముందే చూసుకోండి. కమిషన్ ఒప్పుకున్నాక అది కుదరదంటే మళ్ళీ మొదటికొస్తుంది. చాలా ఊళ్ళలో పూర్తి అప్లికేషన్‌కి ముందు కమిషన్ దగ్గర కాన్సెప్ట్ రివ్యూ, అంటే ఆలోచన మాత్రమే చూపించి అభిప్రాయం అడగడం, ఉంటుంది, దానికి పెన్సిల్ స్కెచ్ చాలు, వాళ్ళ మాట విన్నాక అసలు డ్రాయింగులకి డబ్బు పెట్టండి. పాతది, కొత్తది ఒకే స్కేలులో పక్కపక్కన, తీసేసేవి చుక్కల గీతల్లో, కాలిబాట మీద నాలుగైదు చోట్ల నుంచి తీసిన ఫోటోల్లో కొత్త భాగం అతికించి చూపించండి. మీటింగులో కుటుంబం పెద్దది, అమ్మకి మోకాళ్ళు అని మొదలెట్టకండి. వాళ్ళకి జాలి లేక కాదు, వాళ్ళు తేల్చాల్సింది భవనం గురించే. దానికి బదులు పక్కింటివాళ్ళ దగ్గరికి వెళ్ళి ముందే డ్రాయింగ్ చూపించండి, వ్యతిరేకంగా మాట్లాడటానికి వచ్చేది సాధారణంగా వాళ్ళే.

అనుమతి చేతికొచ్చేదాకా వెనక ఒక్క మేకు కూడా పీకొద్దు. తర్వాత కిటికీ కంపెనీ మార్చాలన్నా ముందు ఆఫీసుకి చెప్పే మార్చండి. మీ పెరడు లోతెంత, ఆ పెద్ద మేపుల్ చెట్టు పాత గోడకి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, ఈ రెండూ రాయండి. చెట్టు దగ్గరగా ఉంటే కొత్త గది 20 బై 20 కాదు, 16 బై 25 అవ్వాల్సి రావచ్చు, అప్పుడు హైఫన్ ఎక్కడ తగలాలో మళ్ళీ చూడాలి.